ఫిర్యాదు చేయని పదకొండోవాడు

"ఈ డబ్బా మీదేనా?" అంటూ దర్యాప్తు అధికారిణి మీచమ్ ఖాళీ మందుల డబ్బా చూపించింది.

అమెరికాలో కెంటకీ కొండల్లోని ఆ ఇంటి వసారాలో, డెల్మర్ కళ్ళజోడు సర్దుకుని చూశాడు. యుద్ధంలో చితికిన తుంటికి ప్రతినెలా పోస్టులో రావలసిన నొప్పి మాత్రలవి. మీద తన పేరే ఉంది.

"నాదే."

"పోస్టావిడ కొరీన్ కారులో దొరికింది. మూడు నెలలుగా పదకొండు మంది మాజీ సైనికుల మాత్రలు కాజేసింది. పదిమంది ఫిర్యాదు చేశారు. మీరొక్కరే నోరు మెదపలేదు. నొప్పి లేదా?"

"లేకేం. పడుకుంటే లేవలేను, కుర్చీలోనే నిద్ర."

"మరి చెప్పలేదేం?"

"మొదటి నెలే నాకు అర్థమైందమ్మా. కానీ రోజూ మెట్లెక్కొచ్చి, ‘నొప్పెలా ఉంది పెద్దాయనా?’ అని అడిగేది. చెబితే ఆవిణ్ణి తీసేస్తారు. ఇంకెవరడుగుతారు?"

మీచమ్ డబ్బా పక్కన పెట్టింది. "అందర్నీ అలాగే అడిగేదండీ. ఎవరి మాత్రలు ఎప్పుడొస్తాయో కూపీ లాగడానికి."

"అదీ తెలుసు," అన్నాడు డెల్మర్. "కానీ నేను చెప్పినంతసేపూ నిలబడి వినేది. ఇప్పుడొచ్చే అబ్బాయి రోడ్డు మీది పెట్టెలో ఉత్తరాలు పడేసి పోతున్నాడు."

మీచమ్ అతను చెప్పిందంతా రాసి, సంతకం కోసం కాగితం ముందుకు జరిపింది.

డెల్మర్ కలం అందుకున్నాడు. సంతకం అయిపోతే ఈవిడా వెళ్ళిపోతుందని, ఒక్కో అక్షరం నెమ్మదిగా దిద్దసాగాడు.