నంబరు లేని తెప్ప

"ఇంజిను నంబరు సెప్పమ్మా" అని మళ్లీ అడిగాడు ఉమాశంకర్.

"ఇంజిను నేదు బాబూ. తెప్పున్నాది గదా, దానికియ్యి నంబరు" అంది అమ్మడు, ఇంతకుముందు చెప్పినట్టే.

ఉమాశంకర్‌కి ఒళ్లు మండింది. నెల్లిమర్ల నుంచి రోజూ బస్సులు మారి దిబ్బలపేట సచివాలయానికి వచ్చి మత్స్యశాఖ పనులు చూస్తున్నాడు. పేరుకి మత్స్యశాఖే గానీ చేప మొహం చూసింది లేదు. చూసేదంతా కంప్యూటర్లో గిరగిరా తిరిగే చక్రాన్నే. అది తిరిగి తిరిగి, మళ్లీ ప్రయత్నించండి అంటుంది. ఎన్నిసార్లు ప్రయత్నించాలో దాన్ని తయారుచేసిన మహానుభావుడికే తెలియాలి. ఇది చాలదన్నట్టు ఈ అమ్మడొకర్తి. ఉడుంపట్టు.

రేవులో కొత్త జెట్టీ కడుతున్నారు. సోమవారం క్రేను వస్తుందనీ, రిజిస్ట్రేషను నంబరు లేని పడవలన్నిటినీ పాడుబడ్డవాటి కింద జమకట్టి ఎత్తి పారేస్తుందనీ దండోరా వేశారు. ఇంకేముంది, పేటంతా సచివాలయం మీద పడింది. తిట్టుకుంటూ, తిట్టించుకుంటూ అందరి పనీ ఎలాగో కానిచ్చాడు. అమ్మడి తెప్ప ఒక్కటీ మిగిలిపోయింది. తెప్పంటే దుంగలు కట్టింది కాదు. ఆ పేటలో ఫైబరు బోటునీ తెప్పే అంటారు.

ఆమె మొగుడు గంగులు ఇంజిను అమ్మేసి, గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద కూలికి పోయాడు. వలలు అంతకుముందే చిరిగి మూలపడ్డాయి. ఇంజినూ వలా లేని తెప్పకి నంబరెందుకే తల్లీ అని ఉమాశంకర్ అడిగి అడిగి అలిసిపోయాడు. కావాలి అంటుందే గానీ ఎందుకో చెప్పదు. ఇదంతా సబ్సిడీ డీజిలు కోసం ఎత్తిన వేషమని అతని అనుమానం. నంబరు చేతిలో పడగానే ఏ పాత ఇంజినో చూపించి డీజిలు పట్టించుకుని ఏ ట్రాక్టరువాడికో అమ్ముకుంటుంది. రేపు విచారణ వస్తే చుట్టుకునేది తన మెడకే.

"సరే, ఇంజిను సంగతి పక్కనెట్టు. ఇంటి నంబరేటి?"

"అదే గదా బాబూ, మీరియ్యాల."

ఉమాశంకర్ తల పట్టుకున్నాడు. నంబరన్న మాట వినబడితే చాలు, ఈవిడకి తెప్ప తప్ప మరోటి తోచదు. అయినా ఈ పేటలో చిరునామా అడగడమే బుద్ధితక్కువ. తుపానుకి ముందు వరస ఇళ్లను సముద్రం లాగేసుకున్నాక ఎవరెక్కడుంటున్నారో పంచాయతీకే తెలియదు.

అమ్మడు చీరకొంగు నడుముకి బిగించుకుని, పన్నెంతయినా కడతాను, రసీదు మాత్రం ఇప్పించమంది. ఊరంతా పన్ను ఎగ్గొట్టే దారులు వెతుక్కుంటుంటే, పన్ను కడతానని బతిమాలే మనిషిని ఉమాశంకర్ చూడడం అదే మొదలు. తెప్పకి రిజిస్ట్రేషను ఫీజే గానీ ఏటేటా పన్ను ఉండదని చెప్పాడు. సంతోషించాల్సింది పోయి ఆమె మొహం చిన్నబుచ్చుకుంది.

"పన్ను కట్టినోల్లని ఎవులూ కదపరంట గదా బాబూ?"

"ఎవులు సెప్పారు?"

"మా అత్త. కాల్లు పడిపోనాయి గానీ బుర్ర బాగానే పనిసేస్తాది."

అత్తా కోడలూ కలిసే ఆడుతున్న నాటకమన్నమాట, అనుకున్నాడు ఉమాశంకర్. కోపం అణుచుకోలేకపోయాడు. ఇంజిను లేని తెప్పతో వేటెలాగ చేస్తావని గద్దించాడు.

"ఏట సెయ్యను బాబూ. గంగమ్మ తల్లి మీద ఒట్టు, దాన్ని నీల్లలో దించనే దించను."

దొరికింది దొంగ, అనుకున్నాడు. నీళ్లలో దించని తెప్పకి నంబరు! డీజిలు బేరం కాకపోతే మరేమిటి? ఇంజిను లేని పడవలకి కొలతలు చూసి నంబరిచ్చే పద్ధతి ఒకటుంది. ఆ తెప్పేదో కళ్లారా చూసి, ఈవిడ నాటకం అక్కడే బయటపెట్టాలని టేపు జేబులో వేసుకుని లేచాడు. సాయంత్రం రమ్మని అమ్మడు కాళ్లావేళ్లా పడింది. ఆ మాటతో అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. ఇప్పుడే చూడాలన్నాడు.

ఇసకలో బూట్లు దిగబడుతుంటే తిట్టుకుంటూ నడిచాడు. రేవులో తెప్పలన్నీ కొత్త నంబర్లతో మెరుస్తున్నాయి. అమ్మడిది మాత్రం సరుగుడు తోపు పక్కన విడిగా బోర్లించి ఉంది. ఎండకి పగలకుండా తెప్పల్ని బోర్లించడం మామూలే. కానీ దీన్ని నాలుగు పక్కలా తాళ్లతో మేకులకి బిగించారు. అంచుల చుట్టూ రాళ్లు పేర్చి, ఇసక ఎగదోశారు. ఒక పక్క మాత్రం గోనెపట్టా వేలాడుతోంది. ఖాళీ తెప్పకి ఇన్ని జాగ్రత్తలా?

డీజిలు డబ్బాలు దీని కిందే ఉన్నాయి! నంబరు రాకముందే దుకాణం తెరిచేసిందీ మహాతల్లి!

దగ్గర్లో వలలు బాగుచేసుకుంటున్న కొండబాబునీ, అతని మనుషుల్నీ కేకేశాడు. వాళ్లు లేచారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వద్దు బాబూ, ఒగ్గియ్యండి" అని నసిగాడు కొండబాబు.

ఊరంతా ఒకటేనన్నమాట. సర్కారు పనికి అడ్డొస్తే మీ నంబర్లూ రద్దు చేయిస్తానని ఉమాశంకర్ ఎగిరాడు. కొండబాబు తాళ్లు విప్పాడు. నలుగురూ వంగి అంచు కింద చేతులు పెట్టారు. తెప్ప కొంచెం లేచింది.

వెనకాలే పరిగెత్తుకొచ్చిన అమ్మడు ఇసకలో చతికిలబడి, ఉమాశంకర్ రెండు కాళ్లూ పట్టుకుంది.

"మెల్లగ బాబూ, లోన మా అత్త తొంగున్నాది."