తొమ్మిది ఎర్ర దీపాలు

ఆ వీధిలో ప్రతి ఇంటి మురుగుకాలువ మూతకూ మురుగును పరీక్షించే ఓ దీపం ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా జబ్బుంటే ఎర్రగా, లేకుంటే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ వారం తొమ్మిది దీపాలు ఎర్రబడ్డాయి. హెచ్ఐవీ, దాంతోపాటు హెపటైటిస్ సి.

"ఇది లారీ పోలయ్య తెచ్చిన తంటాయే. ఊళ్లు పట్టి తిరిగేవాడు కాదూ!" అంది ఆర్‌ఎంపీ డాక్టరు సూర్రావు భార్య మంగతాయారు.

"రెండూ కలిసి ఇన్ని ఇళ్లలోకి వచ్చాయంటే నాకు సూది మీదే అనుమానమండీ. ఇక్కడెవరైనా వేస్తున్నారా?" అడిగింది ఎర్ర దీపాల సంగతి ఆరా తీయడానికొచ్చిన నర్సు రత్నకుమారి.

"మందులన్నీ ఒంటికి అతికించుకునే పట్టీలైపోయాక ఇంకా సూదులెక్కడివమ్మా?" అని మంగతాయారు తేల్చేసింది.

గుచ్చితేగాని నొప్పి పోదనుకునే ముసలివాళ్లకు సూర్రావు ఇప్పటికీ బలం సూది వేస్తాడు. ఉన్న ఒక్క సూదినీ వేణ్ణీళ్లలో ముంచి తీసేది ఆమే.

నర్సు వెళ్లగానే మంగతాయారు పోలయ్య వాకిట్లోకి తొంగిచూసింది. దీపం ఆకుపచ్చగా ఉంది.

"నీకేం రాలేదట్రా?"

పోలయ్య సిగ్గుపడ్డాడు. "నాకు సూదంటే చచ్చేంత భయమండీ. డాక్టరుగారి గుమ్మం ఎప్పుడైనా తొక్కానా?"

ఎర్రబడ్డ తొమ్మిది ఇళ్లూ ఆ గుమ్మం తొక్కినవే. ఆమె ఇంటికొచ్చి సూది గిన్నె ముట్టుకుంది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. మరిగితే సూది మొద్దుబారుతుందని ఆమె ఏనాడూ వాటిని మరగనివ్వలేదు.