తీతువు కాపలా

సముద్రం ఒడ్డున మడ అడవిలో ఒక గులకరాళ్ళ కాలిబాట ఉంది. పోటు వచ్చినా మునగదని జంతువులన్నీ దాని మీదే నడుస్తాయి. అంత అడవి ఉండగా, తీతువు పిట్ట పోయి పోయి ఆ బాట అంచునే గుడ్లు పెట్టింది. పెట్టి ఊరుకుంటే బాగానే ఉండేది. నీటికుక్క వచ్చినా, తాబేలు వచ్చినా మీద మీదకి వెళ్ళి అరిచేది.

"దూరంగా నడవండి. ఇక్కడ నా గుడ్లున్నాయి."

పొద్దస్తమానం ఇదే గోల. పక్క బొరియలో ఉండే పీతకు ప్రాణం విసిగిపోయింది.

"తీతువక్కా, నీ గుడ్లు అచ్చం గులకరాళ్ళలాగే ఉన్నాయి. నువ్వు నోరు మూసుకుంటే అవి ఎవరికీ కనపడవు," అంది.

"నోరు మూసుకు కూర్చుంటే నేనేం తల్లిని?" అంది తీతువు.

మర్నాడు నక్క వచ్చింది. దాని ధ్యాసంతా ఒడ్డున పడి ఉన్న చచ్చిన చేప మీదే ఉంది. గుడ్లు దాటి వెళ్ళిపోయింది కూడా. పీత అమ్మయ్య అనుకుంది.

"ఏయ్ నక్కా, నా గుడ్ల జోలికొస్తే ఊరుకోను," అని వెనకనుంచి అరిచింది తీతువు.

నక్క ఆగి వెనక్కి తిరిగింది. "ఏ గుడ్లు?"

"ఇదిగో, ఈ గుడ్లు," అంటూ తీతువు వాటి ముందు రెక్కలు చాచి నిలబడింది.

కాసేపటికి నక్క మూతి నాక్కుంటూ వెళ్ళిపోయింది.

తీతువు ఏడ్చి ఏడ్చి పీత వైపు తిరిగింది. "చూశావా, మొదట్నుంచీ గొంతు చించుకుంటూనే ఉన్నాను. ఒక్కరన్నా విన్నారా?"

"నక్క వింది," అని పీత బొరియలోకి పోయి, గుమ్మానికి అడ్డంగా మట్టి ఎగదోసుకుంది.