కౌంటరు వెనక కుర్చీ

పెనుకొండ భజన గురువు ఆదెప్ప, పలకని శ్రుతిపెట్టెను హిందూపురంలో దాన్ని తయారుచేసిన కంపెనీ కౌంటరు మీద దబ్బున పెట్టాడు. "బాగు జేస్తారా, లేదా?"

"కంపెనీ చేతులు మారిందంటప్పా. పాత పెట్టెలు చూస్తారో లేదో," అన్నాడు కుర్చీలోని మనిషి.

"ఫోన్లో గూడా ఇదే మాట." ఆదెప్ప అతని కాలరు పట్టి కౌంటరు ఇవతలికి ఈడ్చి మూతి మీద గుద్దాడు. పడినవాణ్ణి డొక్కలో తన్నాడు.

అతను పన్ను ఉమ్మి, కౌంటరు కింది సంచి చూపించాడు. అందులోనూ అలాంటి పెట్టే. "మాది ధర్మవరమప్పా. పొద్దున్నుంచి ఈడ ఎవరూ లేరు. కాళ్లు గుంజుతాంటే ఆ కుర్చీలో కూచున్నా."

ఆదెప్ప నీళ్ల కోసం కౌంటరు వెనక్కి పరిగెత్తాడు. బాటిల్ అందుకుని తలెత్తేసరికి, చంకలో పెట్టెతో ఇంకొకడు గుమ్మంలో నిలబడి నేల మీది నెత్తురు చూస్తున్నాడు.

"పెట్టె బాగు జేయమంటే కొడ్తారా మీరు?" అంటూ అతను ఆదెప్ప మీదికి చెప్పు తీశాడు.