ఇంకింత బెల్లం పెట్టు బిడ్డా

పెంటయ్య విసిరిన స్టీలు చెంబు భార్య జమ్ములమ్మ నుదుటికి తగిలి, కొత్త కోడలు నిరోష కాళ్ల దగ్గరకు దొర్లింది.

"చాయ్‌ల చక్కెర వెయ్యనీకె నీకేం రోగమే?"

జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. డొక్కలో తన్నాడు. అడ్డొచ్చిన కొడుకు సతీష్‌నూ ముల్లుకర్రతో బాదాడు.

నిరోష కాళ్ల పారాణి ఇంకా ఆరలేదు. వనపర్తిలో డిగ్రీ చదివిన పిల్ల. ధరూర్‌లో కాపురమంటే సతీష్ బండి వెనక కూర్చుని తిరగడమే అనుకుంది.

జమ్ములమ్మ నుదుటికి కొంగు అదిమిపట్టుకుని, షేర్ ఆటోలో ఒక్కతే గద్వాల పోయి కుట్లు వేయించుకొచ్చింది. రాగానే కోడలిని పొయ్యి ముందు కూర్చోబెట్టింది.

"గియాల్టి సంది వంట నీదే బిడ్డా. మీ మామకు తీపంటే పాణం. నా చెయ్యేమో పీనాసిది."

"గదెంత పని అత్తమ్మా."

నిరోషకు రోజూ పండగే. పొద్దున బెల్లం చాయ్, మధ్యాహ్నం పూర్ణం పెట్టిన బచ్చాలు, సాయంత్రం సేమ్యా పాయసం. యాలకులు దంచుతుంటే గాజులు గలగలమనేవి. సతీష్ దొంగలా వచ్చి ఆమె వేలికంటిన పాకం నాకి పోయేవాడు.

ఇంట్లో దెబ్బల చప్పుడు తగ్గింది. తీపి తక్కువైన నాడే పెంటయ్య చెయ్యి లేచేది. ఒకసారి పూర్ణం చప్పగా ఉందని భార్య వీపు చిట్లగొట్టాడు. కిందపడ్డ జమ్ములమ్మ పెదవి మీది నెత్తురు తుడుచుకుంటూనే కేకేసింది.

"మామకు ఇంకింత బెల్లం పెట్టు బిడ్డా."

పల్లికాయ పీకే రోజుల్లో పెంటయ్య మళ్లీ చెంబు ఎత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే వాలిపోయింది. ఒళ్లంతా చెమటలు. "అమ్మా" అని కూడా అనలేదు. పాయసం పళ్లెంలోకి బోర్లా పడ్డాడు.

గద్వాల డాక్టరు నాడి చూసి పెదవి విరిచాడు.

"షుగర్ ముదిరినోళ్లకు గుండెపోటు నొప్పి లేకుండనే వస్తది. షుగరు, బీపీ, బీడీలు, వయసు అన్నీ చూసి ముందే చెప్పిన, తీపి బంద్ చెయ్యకుంటె ఏడాది దాటడని. మనిషికి చెప్తె కొట్టనీకొస్తడు. అందుకే ఇంట్లోళ్లకు చెప్పిన."

నిరోష డాక్టరు ముందుకొచ్చింది. "మామకు షుగరా? ఎవరికి చెప్పిన్రు సార్?"

డాక్టరు జమ్ములమ్మను చూపించాడు: "ఈమెకే, నుదుటికి కుట్లేసిన దినం గూడ మళ్లొకసారి చెప్పిన."