రెండు వందల మూడు గోళీలు

"ఆ అంకెలు తిప్పి రాయి," అన్నాడు ఊళ్లో అధ్యక్షుడి పార్టీకి పెద్దయిన అల్‌హాజీ దెంబో జల్లో, బల్ల మీద అరచెయ్యి చరిచి.

పోలింగ్ ముగిసి గంటయింది. గాంబియాలో ఓటంటే గోళీయే. పీపాలో పడగానే లోపల గంట మోగుతుంది. సారె దెంబెల్ బడి వరండాలో, ఊరంతా చూస్తుండగా రెండు పీపాల గోళీలనూ గుంటల పలకల్లో పేర్చి లెక్కపెట్టారు. అధ్యక్షుడి పీపాలో నూట తొంభై ఎనిమిది. ప్రతిపక్షం పీపాలో రెండు వందల మూడు.

నేమా సాన్యాంగ్‌ది ఈ ఊరు కాదు. బ్రికామా నుంచి ఎన్నికల డ్యూటీకి వచ్చిన టీచరు. ఫలితాల కాగితం మీద పెన్ను మాత్రం కదల్చలేదు.

"కుదరదు, అల్‌హాజీ. గోళీలు అలా లేవు."

"ఐదు గోళీల కోసం నాతో పెట్టుకుంటావా? నేను తలుచుకుంటే సోమవారానికల్లా నిన్ను దేశం ఆ కొసకి బదిలీ చేయిస్తా!"

"ఆ కొసన కూడా పిల్లలుంటారు కదండీ."

జనం గొల్లున నవ్వారు. అల్‌హాజీ ముఖం కందగడ్డయింది. తన పార్టీ తరఫున కూర్చున్న ఏజెంటు వైపు తిరిగాడు.

"పెండా! నువ్వు సంతకం పెట్టకు. మన సంతకం లేని కాగితం సంగతి కోర్టులో తేలుస్తా."

పెండా బాల్దే యాభై దాటిన మనిషి. పొద్దుటి నుంచీ పెద్దగా మాట్లాడింది లేదు. ప్రతిపక్షం పలకల్ని దగ్గరికి లాక్కుని, ఒక్కో గోళీ మీద వేలు పెడుతూ మొదటి నుంచి లెక్కపెట్టింది. వందకి చేరేసరికి జనం కూడా గొంతు కలిపారు. "రెండు వందల మూడు!" అన్న కేకకి బడి రేకులు అదిరాయి.

పెండా సంతకం పెట్టింది.

"నా కొంప ముంచావు! అసలు నిన్ను ఏజెంటుగా పెట్టిందెవరు?"

"మీరే. నమ్మకమైన మనిషి కావాలన్నారుగా."

అల్‌హాజీ విసురుగా కారెక్కి వెళ్లిపోయాడు. నేమా ఫలితం చదివి, కాగితాన్ని గోడకి అతికించింది. అధ్యక్షుడికి ఓటేసిన వాళ్లు కూడా చప్పట్లు కొడుతుంటే ఆమె గుండె ఉప్పొంగింది. అంతలోనే పెండా గురించి బెంగ పట్టుకుంది.

"అమ్మా, రేపటి నుంచి ఆయన మిమ్మల్ని ఈ ఊళ్లో బతకనిస్తాడా?"

పెండా తలగుడ్డ సర్దుకుంటూ నవ్వింది.

"ఎందుకు బతకనివ్వడమ్మా? ముప్పై ఏళ్లుగా నాతోనేగా కాపురం చేస్తున్నాడు!"