ఏడో నెల పందెం

"టీవీ పెట్టినావంటే నా మీద ఒట్టే!" మీనాక్షమ్మ టీవీకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది.

కుప్పుసామికి తమిళనాడు ధర్మపురిలో బస్టాండు వెనక వీధిలో పప్పుల అంగడి. పొద్దంతా తూచి తూచి ఇంటికి వచ్చిన మనిషి కాసేపు టీవీ చూద్దామంటే నెల రోజులుగా ఆ భాగ్యం లేదు. కోడలు కీర్తిక కడుపులోని బిడ్డకు బయటి మాటలు వినిపిస్తాయని డాక్టరమ్మ చెప్పిన రోజే మీనాక్షమ్మ ఇంట్లో అరవాన్ని నిషేధించింది. రిమోటును తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టింది. పాపం, కీర్తిక ఫోను కూడా బీరువా పాలైంది.

"ఇది ఇల్లా, జైలా?" అన్నాడు కుప్పుసామి.

"వీధిలో అరవం, అంగట్లో అరవం, రేపు బళ్లోనూ అరవమే. కడుపులో ఉన్నన్నాళ్లయినా బిడ్డ చెవిలో తెలుగు పడనీ! హరూర్లో నా కూతురి పిల్లలిద్దరూ నన్ను 'పాట్టీ' అంటారు. విని విని రొంబ నొచ్చుకున్నాను. ఈ బిడ్డయినా నన్ను 'అవ్వా' అని పిలవాల."

"రొంబ అంటివే, అది ఏ ఊరి తెలుగు?"

"అది మనింటి తెలుగు. నువ్వు ఊరకుండు."

కొడుకు ధనశేఖర్‌కు నవ్వు ఆగలేదు. ఆ పొద్దున్నే కీర్తికను స్కానింగుకు తీసుకెళ్లి వచ్చాడు.

"అమ్మా, డాక్టరమ్మ ఏమనిందో తెలుసునా? ఏడో నెల నడస్తా ఉండాది, బిడ్డ కిలో బరువుండాదంట. కండ్లు కూడా తెరిచి మూస్తాదంట."

"కిలోనా? అంటే మన కందిపప్పు పొట్లమంత!" కుప్పుసామి అరచెయ్యి చాపి గాల్లోనే తూచి చూసుకున్నాడు. తూకం బాగానే ఉన్నట్టు తల ఊపాడు.

"ఇంకోటి కూడా చెప్పినాది నాయనా. రోజూ వినేది బిడ్డకు బాగా గుర్తుంటాదంట. అది వినపడితే కదిలినా కదులుతాదంట. పందెం వేద్దామా అమ్మా? అందరమూ పిలుద్దాం. నీ గొంతుకు కదిలితే కాన్పు అయ్యేదాకా టీవీ మాట ఎత్తము. కదలకపోతే రిమోటు ఇచ్చేయాల."

"ఓ, ఇప్పుడే!" మీనాక్షమ్మ కొంగు నడుముకు బిగించింది. "రోజూ మధ్యాహ్నం కీర్తిక నిద్రపోతా ఉంటే పక్కనే పండుకొని బిడ్డకు కాపలా ఉండేది ఎవరు? నేను కదా! నన్ను గుర్తుపట్టక ఇంకెవర్ని గుర్తుపడతాది?"

కీర్తిక పొట్ట మీద చెయ్యి పెట్టుకుని సోఫాలో వెనక్కి వాలింది. "కదిలితే నేను చెప్తాను. నేను ఎవురి పక్కా లేను, సరేనా?"

ముందు కుప్పుసామి వంగాడు. "ఏం చిన్న ముదలాళీ, నీ అంగడికి వస్తావా? గల్లాపెట్టె దగ్గర కుర్చీ వేయిస్తాను."

"ఊహూఁ. ఏమీ లేదు మామా."

ధనశేఖర్ క్రికెట్ కామెంట్రీ చెప్పాడు. సిక్సర్ కొట్టినా బిడ్డ ఉలకలేదు, పలకలేదు.

మీనాక్షమ్మ గొంతు సవరించుకుని కోడలి ముందు చతికిలబడింది. "బంగారూ, నేను, మీ అవ్వను. వినపడతా ఉండాదా? ఒక్క తన్ను తన్నమ్మా."

కీర్తిక తల అడ్డంగా ఊపింది.

"నా బుజ్జివి కదా! నా పరువు తీయొద్దు. కాలు కాకుంటే చెయ్యన్నా ఆడించు."

"నిద్రపోతా ఉండాదేమో అత్తా," అంది కీర్తిక జాలిగా.

మీనాక్షమ్మ ఇంకా రెండుసార్లు పిలిచింది. అయినా బిడ్డ కదల్లేదు. బింకంగా లేచి వెళ్లి బియ్యం డబ్బాలోంచి రిమోటు తవ్వి తెచ్చి కొడుకు చేతిలో పడేసింది. ఆమెకు నిజంగానే ఏడుపు వచ్చేట్టుంది.

ధనశేఖర్ టీవీ పెట్టాడు. సరిగ్గా ఏడు గంటలు. అరవ సీరియల్ పాట మొదలైంది.

"అమ్మో!" కీర్తిక ఒక్క కేక పెట్టింది. పొట్ట మీద చీర ఎగిరిపడటం అందరూ చూశారు.

పాట ఆగింది. బిడ్డా ఆగింది. ప్రకటనలు వచ్చినంతసేపూ చప్పుడు లేదు. మళ్లీ పాట ముక్క వినిపించగానే ఈసారి వరసగా రెండు తన్నులు!

"అబ్బ, ఏం తన్ను తన్నినాది! నా మనవడో మనవరాలో గాని గట్టిదే!" కుప్పుసామి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

మీనాక్షమ్మ మాత్రం నేల మీద కూలబడింది. "అరవమే గెలిచె. ఇంక ఇది కూడా నన్ను పాట్టీ అనే అంటాది," అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కుప్పుసామి చప్పట్లు ఆపాడు. నొసలు చిట్లించాడు.

"ఉండండి, ఉండండి. రోజూ వినేది కదా బిడ్డకు గుర్తుండేది? ఈ సీరియల్ మొదలై ఇరవై రోజులే. ఇంటి ఎదురు టీ అంగట్లో నిలబడి మొదటి రోజు నుంచీ చూస్తా ఉండాను, నాకు తెలీదా? మనింట్లో టీవీ ఆగిపోయి నెలాయె. మరి ఈ పాట బిడ్డకు ఎట్ల తెలిసె?"

అందరూ కీర్తిక వైపు తిరిగారు.

"నన్ను చూస్తారెందుకు మామా? నా ఫోను బీరువాలో ఉండాది. మధ్యాహ్నమంతా నాకు ఒళ్లు తెలీని నిద్ర. ఆ వేళలో నా పక్కన అత్త తప్ప ఇంకెవరుంటారు?"

మీనాక్షమ్మ ఏడుపు టక్కున ఆగింది. నడుము దగ్గర దోపుకున్న తన ఫోను మీదికి కొంగు లాక్కుంది. ముగ్గురూ ఆ కొంగునే చూస్తున్నారు.

"సౌండు బాగా తగ్గించే పెట్టినానే," అంది నేలచూపులు చూస్తూ. "ఫోను నిలబడకుండా జారిపోతా ఉంటే కీర్తిక కడుపుకు ఆనించి పెట్టుకొంటి, అంతే!"